ద్రౌపదమ్మ కొప్పు

మన పిల్లలకి భారతం తెలియకుండా పోతోందని దిగులుపడే అమ్మలు ఎండాకాలంలో ఒకసారి సత్యవేడు వైపు వెళ్ళి రావాలి. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు చెంగల్పట్టు జిల్లా నుంచి మనకొచ్చిన సీమ అది. బదులుగా తిరుత్తణి అటు పోయింది. గీత మారినా ద్రౌపదమ్మ మాత్రం అటూ ఇటూ కూడా గ్రామదేవతే! చిత్తూరు సీమ పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం.

నాటకంగా చూస్తే లోపాలు లేకపోలేదు. కీచకుడి హాస్యం మోటు. తెల్లవారేదాకా సాగదీస్తారు. అయినా ఒక విషయంలో ఈ పల్లె భారతం పండితుల భారతాన్ని మించింది. వ్యాసుడి సభాపర్వంలో రక్తప్రతిజ్ఞ భీముడిది. విరబోసిన జుట్టుతో శపథం పట్టే ద్రౌపది అక్కడ కనిపించదు. పల్లె ఆ శపథాన్ని ఆవిడ చేతికే ఇచ్చింది. చివరినాడు మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ పగిలాక, ఆ ఎర్రటి నెత్తురు తాకించి గాని ఆవిడ కొప్పు ముడవదు. చూస్తున్న పదేళ్ళ పిల్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ అదే ఉత్సవంలో అర్జున తపస్సు కూడా ఉందిగా! అర్జునుడు పద్యాలు పాడుతూ మానెక్కి నిమ్మకాయలు విసురుతుంటే, బిడ్డల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కొంగు పట్టుకుని ఉంటారు. ఆ పిల్ల ఇదీ చూస్తుంది. బిడ్డ లేకపోతే ఆడజన్మకి విలువ లేదన్న మాట ఏ పద్యంలోనూ లేకపోయినా, ఆ తడికొంగు చెప్పేది అదే. సంస్కృతి పిల్లల్ని తీర్చిదిద్దుతుందని తేలిగ్గా అనేస్తాం. ఏ రాత్రి ఆట తీర్చిదిద్దుతుందో కూడా అడగొద్దూ?

ఇప్పుడా చుట్టుపక్కల శ్రీసిటీ ఉంది. 2015 నుంచి అక్కడ సెల్‌ఫోన్లు బిగించే పనిలో ఎక్కువమంది ఆడపిల్లలే. కంపెనీ బస్సెక్కే అమ్మాయి జీతం అమ్మ చేతిలో పెట్టి, "రెండేళ్ళు పెళ్ళి మాటెత్తొద్దు" అంటే, ఆ మొండితనం పట్నం నేర్పిందని ఇరుగమ్మ అంటుంది. నాకైతే అందులో విరబోసిన జుట్టే కనిపిస్తుంది.

ఒక్కటే కొరత. ఆ ద్రౌపది వేషం తరతరాలుగా మగవాళ్ళదే. గొంతు సన్నం చేసి ఎంత బాగా ఏడ్చినా అది అరువు గొంతే కదండీ. ఒక్క ఏడు ఏ డిగ్రీ చదివే పిల్లకో కాళ్ళకి గజ్జె కట్టించి, ఆ శపథం పలికించి వినాలని ఉంది.