కాపడంలో మొదటి నిమిషాలు

మా ఇంట్లో కాపడం అంటే కళ్లుప్పే. పెనం మీద చిటపటలాడేదాకా వేయించి, పాత నూలు పంచె ముక్కలో మూటకట్టి, ముందు మన ముంజేతికి ఆనించి చూసుకోవాలి. ఆ తర్వాతే నడుముకో మోకాలికో అద్దుతూ, తీస్తూ ఉండాలి. పనితనమంతా ఆ తీయడంలోనే ఉంది. కాసేపటికి ఆ చోట చర్మం కందుతుంది. చామనచాయ ఒంటి మీద ఎరుపు అంతగా కనబడకపోయినా, అరచేయి ఆనిస్తే నెత్తురు పొంగినట్టు తెలుస్తుంది.

ఆ తొలి పొంగు ఎక్కువగా నరాలు రప్పించేది. చర్మంలోని సన్నని నరాల కొనలు వేడిని పసిగట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి. అదే కబురు దారిలో చీలిన కొమ్మల వెంట తిరిగి చర్మంలోకీ మళ్లుతుంది. అక్కడ సీజీఆర్‌పీ వంటి పదార్థాలు వెలువడి చిన్న రక్తనాళాలు వదులవుతాయి. మెదడు ఆజ్ఞ కోసం ఆగే పనే లేదు! చర్మాన్ని 42 డిగ్రీల దాకా వేడిచేసి కొలిస్తే, రక్తప్రవాహం మొదటి నిమిషాల్లో ఎగసి, కొంచెం తగ్గి, మళ్లీ మెల్లగా పెరిగి అరగంటకల్లా నిలకడకు వస్తుంది. ముందుగా మత్తు లేపనం రాసి ఉంచితే ఆ మొదటి పొంగు బాగా తగ్గిపోతుంది. రెండోది ప్రధానంగా నైట్రిక్ ఆక్సైడ్ పని.

ఆ నరాల కొనల్లో వేడికీ, మిరపకారానికీ తెరుచుకునే టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో మిరపకారం సాయంతోనే పట్టుకుంది. 2021 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది ఈ దారిలోనే. మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల చేతులు నిప్పు తగలకుండానే ఎందుకు మండుతాయో నాకు ఇది చదివాకే అర్థమైంది.

ఇక షుగరు ఉన్నవాళ్ల పాదాలు. తిమ్మిరికి కాపడం పెట్టమని వాళ్లు తరచూ అడుగుతారు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న కాలికి వేడి తెలియదు, నెత్తురూ సరిగా పొంగదు. మామూలు చర్మంలో పారే నెత్తురే వేడిని మోసుకుపోతుంది. అది తగ్గితే వేడి అక్కడే నిలిచి బొబ్బలెక్కుతుంది. ఆ బొబ్బ పుండై, మానక, వేలు తీసేసేదాకా పోవచ్చు. ‘ఏమీ తగలడం లేదు, ఇంకాస్త వేడిగా పెట్టమ్మా’ అని పెద్దవాళ్లు అంటే, మూట పక్కన పెట్టేసి ఆ పాదాలను డాక్టరుకు చూపించండి. మొద్దుబారిన పాదానికి నేనైతే ఎవరు బతిమాలినా కాపడం పెట్టను.