రేనాటి శాసనములు – లిపినిబట్టి కాలనిర్ణయము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు ప్రాచీనమైన రేనాటిలోనివి. తొలి తెలుగు శాసనములు వెలువడినది యీ నేలయందే. ఎఱ్ఱగుంట్ల చేరువనున్న కలమళ్ల శాసనము ఎరికల్ ముతురాజు ధనంజయునిది. దానికి క్రీ. శ. 575 ప్రాంతమని కాలము నిర్ణయింపబడినది. విద్యార్థులు వల్లించు నీ సంఖ్య శాసనమున లేదు. శకవర్షమును అందు గానరాదు. అది యెట్లు వచ్చినదో విచారింపవలసియున్నది.

ఆధారములు రెండు. మొదటిది అక్షరముల రూపము. రెండవది వంశక్రమము. పుణ్యకుమారుని మాలెపాడు తామ్రశాసనమున నందివర్మ, అతని కుమారుడు ధనంజయవర్మ, అతని కుమారుడు మహేంద్రవిక్రముడు, అతని కుమారుడు పుణ్యకుమారుడు అని కలదు. కలమళ్ల ధనంజయు డీ ధనంజయవర్మయే యని నీలకంఠశాస్త్రిగారును వెంకటరామయ్యగారును ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున ప్రతిపాదించిరి. రూపమును క్రమమును గూడగా నేర్పడినదే యా సంఖ్య.

నేటి డాక్టరేటు పరిశోధనలలో నీ పనికి కంప్యూటరు తోడైనది. ఛాయాచిత్రములోని గీతలను గొలిచి పోల్చుట, అక్షరపంక్తులను సరిచూచి యేది ముందో యేది వెనుకో యూహించుట దాని పని. ప్రాణుల వంశవృక్షమును గుర్తించుటకై జీవశాస్త్రజ్ఞులు కల్పించిన పద్ధతితోనే, ఆంగ్లకవి చాసరు కావ్యమందలి యొక భాగమునకు గల 58 వ్రాతప్రతుల సంబంధమును 1998లో పరిశీలించిరి. 2022లో ప్రకటింపబడిన ‘ఇథాకా’ యను విధానము గ్రీకు శాసనములలో జెడిన యక్షరములను, శాసనకాలమును గూడ నూహించుచున్నది. ఈ కృషి శ్లాఘ్యమే.

కాని యిందొక దోషమునకు తావు కలదు. లిపినిబట్టి కాలము గట్టిన శాసనములనే యంత్రమునకు పాఠముగా జెప్పి, పిదప నా యంత్రము పలికిన కాలమును స్వతంత్రసాక్ష్యముగా గ్రహించినచో, నది మన తార్కికులు చెప్పు అన్యోన్యాశ్రయమే యగును.

ఏథెన్సు శాసనముల చరిత్ర యిందుకు నిదర్శనము. మూడు గీతల సిగ్మా గల శాసనములు క్రీ. పూ. 445 ప్రాంతమునకు పిమ్మటివి కావని పండితులు చిరకాలము నమ్మిరి. 1990లో చేంబర్సు మొదలగువారు ఎగెస్టా శాసనపు రాతిని లేజరు వెలుగుతోను చిత్రసంస్కారముతోను పరీక్షించి, అందలి ప్రధానాధికారి పేరు అంటిఫోన్ అని చదివిరి. అతని యధికారవర్షము క్రీ. పూ. 418-17. దానితో నా లిపిసూత్రము వీగిపోయినది. చిత్రపరీక్ష యిందు తోడ్పడినది నిజమే. కాని నిర్ణాయకమైనది అక్షరపు వంపు గాదు, కాలము తెలిసిన యొక పేరు.

మనవారు రెండు నియమములను బాటింపవలెను. శిలపై నున్న యక్షరమును మార్చి వ్రాయరాదు. రేనాటి ‘చోఴ’ తరువాత ‘చోడ’ యయినది. ఆ ఴకారమును ళకారముగా వ్రాసికొన్న ప్రతిని యంత్రమున కిచ్చినచో భాషాచరిత్రకు సాక్ష్యమే నశించును. రెండవది, శకవర్షము గలవి, రాజ్యసంవత్సరము మాత్రమే గలవి, లిపినిబట్టి యూహింపబడినవి అని శాసనములను మూడు వర్గములుగా విడదీసి, మొదటి వర్గముతోనే పద్ధతిని పరీక్షింపవలెను.

ఉపాధ్యాయులును 575 అని చెప్పునపుడు ‘ప్రాంతము’ అను మాటను విడువరాదు. ఆ సంఖ్యకు గల ప్రామాణ్య మెంతయో తెలుపునది యా మాటయే.