మందు పూసే ముందు

పెరట్లో నిమ్మ మొదలు దగ్గరో దానిమ్మ పంగలోనో బెరడు చెడినట్టు కనబడితే ఏదో ఒకటి పూసేస్తారు చాలామంది. పసుపు, పేడ, సున్నం, ఆఖరికి తారు కూడా. దెబ్బ ఎక్కడుందో, దాని కింద ఏముందో చూడకుండా పూసిన మందు జబ్బును కప్పిపెడుతుందే తప్ప తగ్గించదని నా వాదన. నేలకు జానెడు ఎత్తులోపు బెరడు నల్లబడి తేనెరంగు బంక కారుతుంటే, నిమ్మలో అది చాలావరకు ఫైటాఫ్తొరా వల్ల వచ్చే బంక తెగులు. పాదులో నిలిచిన నీరు కాండానికి తగలడం, అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోవడం దానికి దారిస్తాయి. పంగ దగ్గర పొట్టూ పెంటికలూ సన్నటి దారాలతో అల్లుకుని గోధుమరంగు చారలా పాకితే బెరడు తినే పురుగు చేరినట్టు. పగలంతా రంధ్రంలో దాక్కుని, రాత్రిపూట ఆ గూటి చాటున బెరడు కొరుక్కు తింటుంది. గూడు మీద సున్నం కొడితే దానికేమీ కాదు. చారను తుడిచేసి, బయటపడిన రంధ్రంలో సన్నటి తీగ దూర్చి పురుగును చంపాలి. లేదా కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి బంకమన్నుతో మూసెయ్యాలి. కాండం చుట్టూ సమంగా గాడి పడితే మాత్రం పురుగుల కోసం వెతకక్కర్లేదు, ఊతకర్రకు కట్టిన నైలాన్ తాడును చూడండి.

ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా, తొందరేమిటి అంటారు. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపొర గుండా. నీళ్లు ఎక్కేది దానికి లోపలున్న కర్రలోంచి. అందుకే చుట్టూతా బెరడు పోయినా ఆకులు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పచ్చగానే ఉంటాయి, ఈలోగా వేళ్లు పస్తులుంటాయి. గోటితో గీరితే తడిగా, పచ్చగా కనబడిన చోట ప్రాణమున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం చచ్చినట్టే. చుట్టుకొలతలో సగానికి పైగా బతికుంటే మొక్క కోలుకునే ఆశ బాగానే ఉంది. పూర్తిగా పోయినా, దెబ్బకు దిగువన నరికితే మందార, దానిమ్మ మళ్లీ చిగురిస్తాయి. అంటుమొక్కను అతుకు కిందికి నరికితే మాత్రం వచ్చేది వేరుమొక్క చిగురే.

శాస్త్రవేత్తలే బోర్డో పేస్టు పూయమంటారు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో చేసే ఆ పేస్టు బంక తెగులు మీద పనిచేస్తుంది, కుళ్లిన బెరడును మంచి భాగం కనబడేదాకా గీకి పూస్తేనే. తాడు కోసిన గాయానికి దాని అవసరం లేదు. వేలాది చెట్లను కోసి పరిశీలించిన అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షిగో తేల్చింది ఇదే: చెట్టు చెడిన భాగాన్ని బాగుచేసుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. పైపూతలు కర్రలో కుళ్లును ఆపలేవు. చిరిగిన అంచులను పదునైన కత్తితో నున్నగా చెక్కి, గాయాన్ని గాలికి వదిలేస్తే చాలు. బంక తెగులుకు పేస్టుతో పాటు జంట పాదు చెయ్యాలి, లోపలి గట్టు నీళ్లను కాండానికి తగలనివ్వకుండా. గట్టు లేకపోతే వచ్చే వానలకే మళ్లీ బంక కారుతుంది.