ఎనిమిది మడతల మూత

కొరాపుట్, రాయగడ కొండల్లో చైత పరబ్ నాడు వేటకు వెళ్లే ఆచారం పాతది. విల్లంబులతో పాటు మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకులు కూడా ఆ కొండలకు కొత్త కాదు. ఆ తుపాకి నింపడానికి ఒక వరస ఉంది. ముందు కొలిచిన మందు గొట్టంలో పోస్తారు. పీచో గుడ్డపీలికో కుక్కి కడ్డీతో దట్టిస్తారు. దానిమీద సీసపు గుళ్లు వేసి, అవి దొర్లిపోకుండా మళ్లీ ఒక పీలిక పెడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేట నేరం, కానీ ఆ వరస మాత్రం ఇంకోచోట బతికే ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేవిల్ ఊళ్లో 1945లో ఒక ఇంజనీరింగ్ కంపెనీ మొదలైంది. ఊరి పేరే కంపెనీ పేరు, పొట్టిగా మెక్. వాళ్ల ‘600 జూనియర్’ బల్లమీద బిగించుకునే చిన్న ప్రెస్. పేలిపోయిన పన్నెండు బోరు తూటాను అదే వరసలో మళ్లీ నింపుతుంది.

అక్కడ దీన్ని వాడేది ఎక్కువగా గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లలను కొట్టే క్రీడాకారులు. మన హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో పోటీపడిన ట్రాప్ విభాగం ఈ ఆటే. అంతర్జాతీయ పోటీల్లో తూటాకు 24 గ్రాముల సీసమే పరిమితి. ఆ స్థాయివాళ్లు ఫ్యాక్టరీ తూటాలే కాలుస్తారు. క్లబ్బుల్లో వారం వారం పెట్టెలకు పెట్టెలు ఖర్చుచేసేవాళ్లే ఖాళీ కేసులు ఏరుకుని ప్రెస్ ముందు కూర్చుంటారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి ఇక్కడ దీన్ని చూసి మెచ్చుకోవడమే మన వంతు.

మెచ్చుకోవలసింది యంత్రాన్ని కాదు, దాన్ని సర్దే చేతిని. పిడి ఒకటే, మెట్లు అయిదు. మొదటి మెట్టులో మందును అంటించే ప్రైమర్, కాలిపోయిన పాతది, ఊడి, ఉబ్బిన ఇత్తడి అడుగు తిరిగి కొలతకు వస్తుంది. తర్వాత కొత్త ప్రైమర్ కూర్చుంటుంది. మూడో మెట్టులో మందు, వాడ్ అనే ప్లాస్టిక్ గిన్నె, ఆ గిన్నెలోకి సీసం పడతాయి. నాలుగోది మూతికి మడతలు మొదలుపెడితే, అయిదోది మూత బిగిస్తుంది. ఒక్కో కేసును మెట్టు నుంచి మెట్టుకు చేత్తోనే జరపాలి. ఇంతకంటే వేగంగా పనిచేసే ప్రెస్సులు చాలా ఉన్నాయి. అయినా పని నేర్చుకోవాలంటే ఈ నెమ్మదైనదే మేలని నా అభిప్రాయం. ప్రతి తప్పునూ ఇందులో విడిగా పట్టుకోవచ్చు.

చిక్కేమిటంటే, తప్పు జరిగిన చోట కనబడదు. చాలావరకు చివర్లో, ఆ మూతమీదే బయటపడుతుంది. బాగా కుదిరిన మూతలో ఆరో ఎనిమిదో మడతలు పొట్లం కట్టినంత బిగువుగా మధ్యలో కలుస్తాయి. అంచుకంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు లోపలికి దిగి, చదునుగా ఉంటాయి. మధ్యలో సన్నని రంధ్రం మిగిలిందనుకోండి. కొత్తవాడు వెంటనే అయిదో మెట్టు మర తిప్పుతాడు. పనిమంతుడు ఆ కేసును పక్కన పెట్టి మూడో మెట్టు చూస్తాడు. వాడ్ వాలి కూర్చుందా? దాని అంచు కేసు మూతికి తగిలి మడతపడిందా? వాడ్‌ను లోపలికి దారిచూపే ప్లాస్టిక్ వేళ్లు అరిగితే ఇదే జరుగుతుంది. సీసం పైకి లేస్తుంది, మడతలు కలవడానికి చోటు చాలదు. అక్కడ అంతా సరిగ్గా ఉంటేనే నాలుగో మెట్టు లోతు చూస్తాడు.

మూత మధ్యలో గుంటపడితే లోపలి సరుకు ఎత్తు తక్కువైందనో, చివరి మెట్టులో మూతను నొక్కే అచ్చు, అంటే డై, ఎక్కువ దిగిందనో అర్థం. మూతి కింద కేసు ఒళ్లు ఉబ్బితే డై మరీ లోతుగా నొక్కుతోందని. మడతలు సుడి తిరిగితే, మడతలు మొదలుపెట్టే శంకువు పాత గీతల్ని పట్టుకోలేదని. ఎనిమిది మడతల కేసుకు ఆరు మడతల శంకువు వాడేవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి వదిలేద్దాం. ఇదంతా అందం కోసం కాదు. మూత లోతు మారితే తుపాకి గొట్టంలో పీడనం మారుతుంది. అందుకే మంచి చేయి మరను పావు చుట్టుకు మించి తిప్పదు. ఒకసారికి ఒక్క మరే, ఆ వెంటనే ఇంకో కేసు నింపి చూడటమే.

మందు దగ్గర కన్ను కంటే త్రాసే నమ్మకం. చార్జ్ బార్ అనే జారుడు పట్టీలో ఒక బుషింగ్ ఉంటుంది. దాని రంధ్రం పట్టేది పరిమాణాన్నే, బరువును కాదు. ప్రెస్ మీది సీసాలో మందు మట్టం తగ్గినా, గాలిలో తేమ పెరిగినా, పిడి విసురు మారినా బరువు మారిపోతుంది. బుషింగ్‌తో వచ్చే పట్టికలో అంకె ఒకటి ఉంటే త్రాసు మరొకటి చూపిస్తుంది. సీసా నింపాక మొదటి కొన్ని కొలతలు తిరిగి సీసాలో పోసేసి, మందు సర్దుకున్నాకే తూచాలి. పిడి ప్రతిసారీ ఒకే విసురుతో పడాలి. మందు కంపెనీ పట్టికలో ఏ కేసుకు ఏ ప్రైమర్, ఏ వాడ్ అని రాసిందో అదే వాడాలి. అక్కడ సొంత తెలివి పనికిరాదు.

చిన్న చిన్న జబ్బులూ ఉన్నాయి. ఒక్క సీసపు గుండు చార్జ్ బార్ కింద ఇరుక్కుంటే చేతికి కరకరమని తెలుస్తుంది. అప్పుడు బలం చూపించకుండా విప్పి తుడవాలి. మందు జారే గొట్టం దగ్గర రబ్బరు వలయం పగిలితే బల్లమీద సన్నని పొడి రాలుతుంది. గొట్టంలో మందు అడ్డుపడితే ఒక కేసుకు తక్కువపడి, తర్వాతిదానికి ఎక్కువ పడుతుంది. అందుకే వాడ్ పెట్టేముందు ప్రతి కేసులోకీ తొంగి చూస్తారు. ప్రైమర్ అడుగుకు సమంగా కూర్చుందో లేదో వేలికొసతో తడిమి చూస్తారు. పైకి లేచి ఉంటే తుపాకి మూసేటప్పుడే పేలవచ్చు. వదులుగా కూర్చుంటే ఆ కేసు పని అయిపోయినట్టే. మూతి మడతల్లో చీలిక వచ్చిన కేసు కూడా అంతే. దాన్ని చెత్తబుట్టలో వేసి పక్కనున్నది తీసుకుంటారు.