అక్కర్లేనిది రానివ్వని ఇమేజ్

కంటైనర్ ఇమేజ్‌లోకి ఒక ఫైలు ఎక్కించి, తర్వాతి లైనులో చెరిపేస్తే అది పోదు. డాకర్‌ఫైల్‌లో ఫైళ్లను మార్చే ప్రతి ఆదేశమూ ఒక లేయర్‌గా మిగిలిపోతుంది. కింది లేయర్‌లో ఉన్నదాన్ని పై లేయర్ కనపడకుండా కప్పగలదే గాని తీసేయలేదు. ఇమేజ్ బరువు తగ్గకపోవడం సరే, ఆ ఫైల్లో పాస్‌వర్డ్ ఉంటే ఎంత ప్రమాదం! ఇమేజ్ చేతికందినవాళ్లెవరైనా ఆ లేయర్ విప్పి చదువుకోవచ్చు. చిన్న ఇమేజ్ కట్టే విద్యంతా ఈ సంగతి దగ్గరే మొదలవుతుంది.

ఈ పొదుపు కంటైనర్లకన్నా పాతది. 1990ల నడుమ బ్రూస్ పెరెన్స్ డెబియన్ ఇన్‌స్టాలర్ ఒక్క ఫ్లాపీలో పట్టాలని బిజీబాక్స్ రాశారు. యూనిక్స్ కమాండ్లెన్నో అందులో ఒకే ప్రోగ్రాముగా ఇమిడాయి. దాన్నీ, మజిల్ అనే చిన్న సి లైబ్రరీనీ ఆధారం చేసుకున్న ఆల్పైన్ ఇమేజ్ పది ఎంబీ లోపే ఉంటుంది.

2017లో డాకర్ 17.05తో మల్టీస్టేజ్ బిల్డ్ వచ్చింది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ ఊడదీసినట్టు, మొదటి దశలో కంపైలర్‌తో పని ముగించి, తయారైన బైనరీని మాత్రమే రెండో దశలోకి తీసుకుంటాం. గో భాషలో సి కోడ్‌ని కలిపే సీగోని ఆపేసి కంపైల్ చేస్తే ఆ బైనరీకి సి లైబ్రరీ కూడా అక్కర్లేదు. స్క్రాచ్ అనే పూర్తి ఖాళీ ఇమేజ్‌లోనే నడుస్తుంది.

ఖాళీ అంటే నిజంగా ఖాళీయే. రూట్ సర్టిఫికెట్లు లేవు గనుక బయటి సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ కాల్ వెళ్లదు. టైమ్ జోన్ పట్టిక లేదు గనుక కోల్‌కతా సమయం అడిగితే ఎర్రర్ వస్తుంది. ఎంట్రీపాయింట్‌ని జేసన్ అర్రేగా కాక మామూలు లైనుగా రాస్తే డాకర్ దాన్ని షెల్‌కి అప్పగించబోతుంది. అక్కడ షెల్ ఏదీ? రూట్‌గా నడవకూడదంటే యూజర్‌ని పేరుతో కాక అంకెతో చెప్పాలి. గూగుల్ వారి డిస్ట్రోలెస్ ఇమేజ్‌లు సర్టిఫికెట్లు, టైమ్ జోన్లు, రూట్ కాని యూజర్‌ని సిద్ధంగా ఇస్తాయి. వాటిలో అతి చిన్నది సుమారు 2 ఎంబీ. గో సర్వీసులకు నేను దీనికే ఓటేస్తాను.

పైథాన్‌కి మాత్రం ఆల్పైన్ వద్దంటాను. డెబియన్ వాడే సి లైబ్రరీ గ్లిబ్‌సీ కోసం కట్టిన వీల్స్, అంటే ముందే కంపైల్ చేసిన పైథాన్ ప్యాకేజీలు, మజిల్ మీద పనిచేయవు. 2021లో మజిల్ వీల్స్‌కీ ప్రమాణం వచ్చింది గాని, అవి ఇవ్వని ప్యాకేజీని సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాల్సిందే. డెబియన్ స్లిమ్ కాస్త బరువైనా హాయి.

ఇమేజ్ చిక్కితే డౌన్‌లోడ్ త్వరగా అవుతుంది. అంతకన్నా విలువైనది, లోపల ఏముందో మనకు పూర్తిగా తెలియడం. షెల్, ప్యాకేజ్ మేనేజర్ లేనిచోట చొరబడినవాడికి పనిముట్లు దొరకవు, స్కానర్ నివేదికా కురచవుతుంది. అయితే 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీలో బయటపడ్డ లాగ్4షెల్ లాంటి లోపం అప్లికేషన్ వెంటే వస్తుంది. బేస్ ఎంత చిన్నదైనా దాన్ని ఆపలేదు. ఇక షెల్ లేకుండా డీబగ్ ఎలా అంటారా? కుబర్నెటీస్ 1.25 నుంచి స్థిరపడిన ఎఫిమెరల్ కంటైనర్లున్నాయి. నడుస్తున్న పాడ్‌కి పనిముట్లున్న మరో కంటైనర్‌ని తాత్కాలికంగా తగిలించి చూసుకోవచ్చు, అసలు ఇమేజ్ జోలికి పోనక్కర్లేదు.