హాక్‌ఐ పాత్రయందు వీరరసము

అమెరికా దేశపు బొమ్మల కథలలో అతిమానుష వీరులు పలువురు ఒక గోష్ఠిగా కూడి శత్రువులతో పోరాడు సంప్రదాయ మొకటి కలదు. మార్వెల్ సంస్థవారు 1963లో ఆరంభించిన అవెంజర్స్ అట్టి గోష్ఠి. అందు థార్ ఉత్తర ఐరోపా పురాణములలోని పిడుగుల దేవుడు. హల్క్ కోపము వచ్చినకొలది బలము పెరుగువాడు. ఐరన్ మాన్ లోహకవచము తొడిగి ఆకాశమున సంచరించువాడు. ఇట్టివారి పంక్తిలో 1965లో ఒక విలుకాడు వచ్చి కూర్చుండెను. వాని పేరు హాక్‌ఐ, అనగా డేగకన్నువాడు. వానికి దైవాంశ లేదు, వజ్రకాయము లేదు. ఈ పంక్తిలో వానికి పీట వేయుట తగునా యని పాఠకులు చిరకాలముగా, పెక్కుమారులు నవ్వుచు, అడుగుచున్నారు. నవ్వుచు అడిగినంత మాత్రమున ప్రశ్న చిన్నది కాదు. మన అలంకారశాస్త్రములోని ఒక ప్రధాన విషయమును అది తాకుచున్నది గనుకనే ఈ పత్రికయందు దానిని విచారింప సాహసించుచున్నాను.

పూర్వపక్షమును తేలికగా త్రోసివేయరాదు. పర్వతముల నెత్తువారు పోరు యుద్ధములో బాణము చేయగల పని యెంత? కథకులు తామే ఆ లోపమును గుర్తించి, విలుకాని అమ్ములపొదిలో రకరకముల బాణములను నింపిరి. ప్రేలునవి, పొగ చిమ్మునవి, వలగా విచ్చుకొనునవి, త్రాడుగా సాగునవి. ఏ ఆపదకు ఏ బాణము కావలెనో అది సిద్ధముగా నుండును. ఇది విలువిద్య కాదు, కథకుని సౌకర్యము. పైగా ఈ సరకు క్రొత్తదియు కాదు. 1941లోనే మరియొక సంస్థవారి గ్రీన్ ఆరో ఇట్టి బాణములతో ఆడుకొనినాడు. 1961లో ఆ సంస్థవారి జస్టిస్ లీగ్ గోష్ఠిలో చోటును సంపాదించినాడు. కావున హాక్‌ఐ స్థానమును ఈ చిత్రబాణముల వలన సమర్థింప జూచువారు తమ పక్షమునకు తామే అపకారము చేయుచున్నారు. ఆ బాణములను నిర్మించు నేర్పుగల వారు ఆ గోష్ఠిలో వేరుగా నున్నారు గదా.

అయినను ఈ ఆక్షేపమున కంతటికిని మూలము ఒక్కటే. గోష్ఠిలో స్థానమునకు బలమే ప్రమాణమని దాని తలంపు. మన శాస్త్రము అట్లు చెప్పలేదు. వీరరసమునకు భరతుడు చెప్పిన స్థాయిభావము ఉత్సాహము. బలము సహకారి కావచ్చును, స్థాయి కానేరదు. అపాయమును ఎరిగి, తన శక్తి పరిమితిని ఎరిగి, కార్యమునకు పూనుకొను చిత్తవృత్తి యిచ్చట ఉత్సాహము. దేహమునకు గాయమే తగులని వాడు యుద్ధమునకు పోవునప్పుడు మనకు కలుగునది విస్మయము. విస్మయము అద్భుతరసమునకు స్థాయి. వీరము నుండి అద్భుతము పుట్టునని భరతుని మతము. అతిమానుష వీరుల కథలలో ఈ క్రమము తలక్రిందులైనది. అద్భుతము ముందే సిద్ధముగా నుండును, వీరము దాని చాటున కనబడక పోవును. థార్ సుత్తి విసరుట చూచి మనము ఆశ్చర్యపడుదుము. అతని కొరకు భయపడుట అరుదు. హాక్‌ఐ విల్లు ఎక్కుపెట్టినప్పుడు గురి తప్పినచో అతడు చచ్చునని మనకు తెలియును. అతనికిని తెలియును. అవెంజర్స్ కథలయందు వీరరసము నిలుచుటకు ఇట్టివాడొకడు అవసరమని నా యభిప్రాయము.

ధనుర్ధరుడనగానే మనవారికి అర్జునుడు స్ఫురించును. ఆ పోలిక ఇచ్చట చెల్లదు. అర్జునుడు ఇంద్రపుత్రుడు, గాండీవధారి, పాశుపతము పొందినవాడు. అవెంజర్స్ పంక్తిలో అతడు థార్ ప్రక్కన కూర్చుండదగినవాడు. అభ్యాసమే ధనముగా గలవాడను అంశములో ఏకలవ్యుడు కొంత దగ్గర. అంతకుమించి ఈ పోలికను సాగదీయుట నా కిష్టము లేదు.

స్టాన్ లీ రచించి డాన్ హెక్ బొమ్మలు వేసిన 1964నాటి మొదటి కథను పరిశీలించినచో, నేడు పాఠకులు వేయు ప్రశ్నయే ఆ పాత్రకు జన్మకారణమని తెలియును. హాక్‌ఐ వినోదశాలలో విలువిద్య ప్రదర్శించి పొట్టపోసికొనువాడు. ఒకనాడు అచ్చటికి ఐరన్ మాన్ వచ్చి, ఆపదలో నున్న జనులను కాపాడును. చూపరుల కన్నులన్నియు అతనిపైననే. విలుకాడు ఈర్ష్యపడి, తానును వేషము తాల్చి వీరుడు కావలెనని బయలుదేరును. మొదటి ప్రయత్నములోనే దొంగయని పొరబాటు పడిన రక్షకభటుల నుండి పారిపోవలసి వచ్చును. తరువాత బ్లాక్ విడో అను గూఢచారిణిపై మోహముచేత ఐరన్ మాన్‌కు శత్రువగును. అద్భుతము ముందు మానవుని నేర్పు చిన్నబోవుట కథారంభముననే యున్నది. రచయితలు దీనిని తెలిసి చేసిరో తెలియక చేసిరో గాని, 1965లో అతడు అవెంజర్స్ ఇంటికి వచ్చి చేరుదునని కోరినప్పుడు పరీక్షించినవాడు ఆ ఐరన్ మాన్ కావుటలో చక్కని ఔచిత్యము కలదు.

ఆ వెంటనే మొదటి సభ్యులు విశ్రాంతికై తొలగిరి. కెప్టెన్ అమెరికా నాయకుడుగా, హాక్‌ఐ, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్ అను ముగ్గురు మిగిలిరి. ముగ్గురును మునుపు ఎదుటి పక్షమువారే. ఈ కాలపు కథలలో హాక్‌ఐ నాయకుని ప్రతిమాటకును ఎదురు చెప్పుచుండును. నోటి దురుసుతనము విసుగు పుట్టించునంత యున్నదని ఒప్పుకొనవలెను. ఇచ్చట మరియొక శాస్త్రీయమైన ఆక్షేపము రాగలదు. వీరరసమునకు ఆశ్రయము ఉత్తమప్రకృతి యని భరతుడు విధించినాడు గదా. కలహప్రియుడు, ఈర్ష్యాళువు, ఒకప్పుడు చట్టమునకు వెలియైనవాడు ఉత్తమప్రకృతి యెట్లగును? దీనికి నావద్ద సంపూర్ణమైన సమాధానము లేదు. అయితే పాత్ర పరిణామమును గమనింపవలెను. కర్ట్ బూసియెక్ సృష్టించిన థండర్‌బోల్ట్స్ వీరవేషము వేసికొనిన దుష్టుల గుంపు. 1998లో వారి రహస్యము బయటపడిన పిమ్మట, మంచిదారి పట్టగోరిన వారికి నాయకత్వము వహింప వచ్చినవాడు హాక్‌ఐ. ఆ పని దేవుడైన థార్‌కు తగదు, మచ్చలేని కెప్టెన్ అమెరికాకును అంతగా తగదు. తప్పు చేసి క్షమింపబడినవాడే ఆ చోట నిలువగలడు. ధనంజయుడు చెప్పిన వీరభేదములలో దయావీరమునకు ఇంత సహజమైన ఉదాహరణము ఈ కథలలో నాకు వేరొకటి కనబడలేదు.

నా వాదమునకు గట్టి సాక్ష్యము 1969నాటి కథలలో లభించుచున్నది. రాయ్ థామస్ రచించిన ఆ ఘట్టములో బ్లాక్ విడో ఆపదలో నుండగా, హాక్‌ఐ తన విల్లుపై నమ్మకము కోల్పోయి, దేహమును పెంచు ఔషధమును సేవించి గోలియత్ అను పేర మహాకాయుడగును. ఆక్షేపకులు కోరినది సరిగా ఇదియే. బలము చేకూరినది, పంక్తిలో పీట స్థిరమైనది. ఫలిత మేమి? దాదాపు మూడు సంవత్సరములు ఆ పాత్ర గోష్ఠిలోని అనేక బలవంతులలో ఒకడుగా మిగిలెను. 1972లో ఔషధమును విడిచి మరల విల్లు పట్టువరకును అతనికి తనదైన ముఖము లేదు. బలము వచ్చిన కాలముననే అతడు గోష్ఠికి అనావశ్యకుడైనాడు.

చలనచిత్రములు ఈ పాత్రకు న్యాయము చేయలేదను మాట తరచు వినబడును. అది సగము నిజము. 2012నాటి చిత్రములో చాలభాగము అతనిని శత్రువు మంత్రమునకు వశుని చేసి, వ్యక్తిత్వమును అపహరించిరి. 2015నాటి చిత్రములో మాత్ర మొక మంచి ఘట్టము కలదు. నగరము నేలనుండి లేచి ఆకాశమున తేలుచున్నది, బయట యంత్రసైన్యము, భయముతో కూలబడిన వాండా యెదుట హాక్‌ఐ తన చేతిలో విల్లు మాత్రమే యున్నదని, ఇందులో అర్థమే లేదని తానే యొప్పుకొనును. పూర్వపక్షమంతయు అతని నోటనే వచ్చినది. వెంటనే తలుపు త్రోసికొని బయటకు పోవును. దర్శకుడు జాస్ వీడన్‌కు భరతునితో పరిచయ మున్నదో లేదో గాని, ఉత్సాహమునకు లక్షణము చెప్పవలసి వచ్చినప్పుడు నేను తరగతిలో ఈ ఘట్టమును చెప్పుచున్నాను. విద్యార్థులు మొదట నవ్వుదురు.

ఇక వినికిడి విషయము. 1983లో మార్క్ గ్రూన్‌వాల్డ్ రచించిన కథలో శత్రువు ధ్వనియంత్రముతో హాక్‌ఐ మనస్సును లోబరచుకొన జూచును. దానిని ఎదుర్కొనుటకు అతడు ధ్వని పుట్టించు బాణపు ములికిని తన నోట పెట్టుకొనును. గెలుచును గాని వినికిడిలో చాలభాగము పోవును. గాయము నిలిచియుండుట ఈ జాతి కథలలో అరుదు; తరువాతి రచయితలు దీనిని గూడ మాన్పివేసిరి. కాని 2012లో మాట్ ఫ్రాక్షన్ రచన, డేవిడ్ అహా చిత్రణములతో ఆరంభమైన గ్రంథమాల అవెంజర్స్ పనిలేని వేళ ఈ మనుష్యుడు ఏమి చేయుచుండునో చూపుటకు పుట్టినది. అందు అతడు బ్రూక్లిన్‌లోని పాత భవనములో కాపురముండి, తోటి కాపురస్థులను రౌడీల బారినుండి కాపాడ యత్నించుచుండును. తరచు దెబ్బలు తినును. 2014లో వెలువడిన 19వ సంచికలో చెవులు మరల దెబ్బతినగా, ఎదుటివారు మాటలాడునప్పుడు మాటల బుడగలు ఖాళీగా నుండును. సంజ్ఞాభాష బొమ్మలుగా గీయబడినది. దానికి వ్యాఖ్య ఇయ్యలేదు. ఆ భాష రాని పాఠకుడు ఆ పుటలయందు తానే చెవిటివాడగును. నేను ఆ సంచికను మూడుమారులు చదివితిని. రెండవమారు చదువునప్పుడు, ఖాళీ బుడగలలోని మాటలను పెదవుల బొమ్మలను బట్టి ఊహింప యత్నించుచున్నానని నాకే తెలిసినది.