నీళ్ల వెంట ఒక రోజు

మిలాన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు ఈమధ్య వరెన్నా ఫొటోలు పంపింది. కోమో సరస్సు ఒడ్డున పాత ఊరది. మిలాన్‌లో రైలెక్కితే గంట ప్రయాణం. కొండవాలున రంగురంగుల ఇళ్లు, నీళ్ల దాకా దిగే మెట్లు, ఒడ్డు నుంచి ఒడ్డుకు తిరిగే లాంచీలు. పొద్దున వెళ్లి, రోజంతా ఆ ఒక్క ఊళ్లోనే తిరిగి, రాత్రికి గదికి చేరుకుందట. ఫొటోల కన్నా ఆ తిరిగిన తీరు నాకు ఎక్కువ నచ్చింది.

ఇక్కడ హైదరాబాద్ శివారులో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసేవాళ్లకు చేతిలో ఉండేది ఆదివారం ఒక్కటే. షిఫ్టు మారే వారమైతే అదీ సగమే. ఆ ఒక్కరోజులో నాలుగు గుళ్లు, రెండు డ్యాములు చుట్టి వచ్చే సరికి పిల్లలకు గుర్తుండేది కారు కిటికీ మాత్రమే. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ఏదో ఒక నీటిని పట్టుకోండి, పొద్దుగూకే దాకా దాని వెంటే తిరగండి. గుడీ, ఊరూ, చరిత్రా దాని ఒడ్డునే ఉంటాయి.

నేను పట్టుకున్నది మంజీర. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దాని ఒడ్డున కల్పగూర్ ఉంది. అక్కడి కాశీ విశ్వేశ్వరాలయం కాకతీయుల కాలం నాటిది. ఎండ ముదరకముందే వెళ్లి, మండపంలో ఒక స్తంభం ఎంచుకుని దాని పక్కనే కూర్చోవాలి. చేత్తో తడిమితే అన్ని శతాబ్దాల తర్వాత కూడా ఉలి తీర్చిన అంచు వేలికి తగులుతుంది. గుడినంతా చుట్టి రావడం కన్నా నాకు అదే తృప్తి.

ఆ ఊరి దగ్గరే మంజీర బ్యారేజీ. 1965లో హైదరాబాద్‌కు మంజీర నీళ్లు మొదలయ్యాయి, 1981లో రెండో దశ వచ్చింది. పటాన్‌చెరు, రామచంద్రాపురం నల్లాల్లోకి వచ్చేదీ మంజీరే. మనం రోజూ తాగే నీళ్లు ఇలా ఆకాశం కింద, గాలికి అలలు పడుతూ కనిపిస్తుంటే మనసు నిండిపోతుంది. సింగూరు డ్యామ్ నుంచి ఈ బ్యారేజీ దాకా 36 కిలోమీటర్ల నది 1978 నుంచి అభయారణ్యం. పుట్టిగడ్డ, బాపన్‌గడ్డ, కర్ణంగడ్డ అని నది నడుమ లంకలున్నాయి. వాటి మీదే మొసళ్లు ఎండ కాగుతాయి. ఒకసారి చలికాలంలో పొద్దున్నే వెళ్లి ఎంతసేపు చూసినా ఒక్కటీ కనిపించలేదు. బర్రెలు తోలుకొస్తున్న పెద్దాయనను అడిగితే, “జర ఆగుండ్రి సారూ, ఎండెక్కినంక గడ్డ మీదికి అవే వస్తయ్” అన్నాడు. ఆగాను. బురద రంగు దుంగలో చలనం కనిపించింది, నోరు తెరుచుకుంది. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే పట్టెతల బాతులు కూడా ఈ కాలంలోనే ఇక్కడ దిగుతాయి.

తిరుగుదారిలో పటాన్‌చెరులో ఆగండి. అందరం దాన్ని దాటుకుంటూ వెళ్లేవాళ్లమే, చూడటానికి దిగేవాళ్లు తక్కువ. 11వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు జయసింహుడు ఏలిన పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. అప్పట్లో గొప్ప జైన క్షేత్రం. ఇక్కడ దొరికిన నల్లరాతి బాహుబలి విగ్రహం ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉంది. ఊళ్లో సాకి చెరువు ఇంకా ఉంది. కట్ట మీద నడిస్తే ఒకవైపు నీళ్లు, మరోవైపు లారీల హారన్లు. సరస్సు ఒడ్డున చారిత్రక ఊరంటే మనకు ఇదే. ఇది చూడదగ్గ ఊరు కాదనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నీటి వెంట నడవడమంటే చివరి దాకా నడవాలి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు మోసిన నక్కవాగు, బ్యారేజీ దాటాక అదే మంజీరలో కలుస్తుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేల్చారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ అది. ఈ వాగు పక్క పల్లెల పొలాలు, బావులు ఎలా పాడయ్యాయో 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు చెబుతుంది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ కాలుష్యం మీద పోరాడుతూ ఈ నీటి వెంటే నడిచారు.

పిల్లలను నక్కవాగు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లాలని కొందరు అడుగుతారు. పొద్దున మొసలిని చూసిన పిల్లలు సాయంత్రం ఆ వాగును చూస్తే, అడగాల్సిన ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పడానికి రెండు బోర్డులు కావాలి. సాకి చెరువు కట్ట మీద పొట్టలకెరె చరిత్ర, బాహుబలి బొమ్మ ఉన్నది ఒకటి. నక్కవాగు వంతెన దగ్గర, ఆ నెల నీటి పరీక్షలో ఏం తేలిందో తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసింది రెండోది.